బడి వాకిలి ఊడ్చు చేయి

పాఠశాలకు అందరికంటె ముందు వచ్చువాడు ఉపాధ్యాయుడు కాడు, విద్యార్థియు కాడు. తెల్లవారుచుండగనే తాళపుచెవుల గుత్తితో వచ్చి, తలుపులు తెరచి, గదులు ఊడ్చి, కుండలలో మంచినీరు నింపి, నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి, వేళకు గంట కొట్టువాడు అందరికంటె ముందు వచ్చును. అందరును వెడలిన పిదప తలుపులు మూసి, అందరికంటె వెనుక ఇల్లు చేరును. పసిబాలుడు తన మొదటి అక్షరమును అతడు ఊడ్చిన నేలపై కూర్చుండియే దిద్దును. అయినను వార్షికోత్సవమునాడు వేదికపై చదువబడు పేర్లలో అతని పేరు వినబడదు. ఉపాధ్యాయుని ‘మాస్టరుగారు’ అని పిలుచు ఊరు అతనిని ‘ఓరీ’ అని పిలుచును. వయస్సున తాతవంటివాడైనను పిల్లలును అట్లే పిలుతురు. పెద్దలు విని ఊరకుందురు.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని శరణధర్మమునకు పరీక్ష ఇట్టి చిన్న విషయములయందే జరుగుచుండును. బసవేశ్వరుని చిత్రపటమునకు పూలదండ వేయుట సులభము. బసవేశ్వరుడు ఎవరిని తన సరసన కూర్చుండబెట్టుకొనెనో వారివంటి వారిని తన సరసన కూర్చుండబెట్టుకొనుట కష్టము. పాఠశాలలో ఊడ్చువానిని, ఆ పాఠశాల వంటయింట గిన్నెలు తోమువానిని, మఠము వాకిట చీపురు పట్టినదానిని ఏ దృష్టితో చూచుచున్నామను ప్రశ్నకు సమాధానము దొరకినచో, కాయకతత్త్వము మన నాలుకపైననే ఉన్నదో, నరములలోనికి దిగినదో తేలిపోవును.

కాయకమనగా నేమి?

కాయమనగా శరీరము. శరీరశ్రమచేత శుద్ధముగా చేయబడి శివార్పితమగు వృత్తియే కాయకము. పొట్టకొఱకు చేయు పనికిని కాయకమునకును భేదము పనియందు లేదు, చేయువాని మనస్సునందు కలదు. శరణుల చరిత్రలను పరిశీలించినచో కాయకమునకు మూడు గుర్తులు కానవచ్చును. పనిలో వంచన యుండరాదు. ప్రతిఫలమునందు ఆశ మితిమీరరాదు. తన యవసరమునకు మించినది దాసోహమునకు చేరవలెను. ఈ మూడును కలిసినచోట ఆ పని ఏదైనను పూజయే. ఈ మూడును లేనిచోట అది సింహాసనమెక్కి చేయు పనియైనను కూలియే.

అందువలననే 12వ శతాబ్దమున కళ్యాణనగరమున శరణులు కూడినపుడు వృత్తులకు మెట్లు లేకుండెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండారియై యుండెను. మడివాళ మాచయ్య బట్టలు ఉతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. మేదర కేతయ్య బుట్టలు అల్లువాడు. నులియ చందయ్య నార త్రాళ్లు పేనువాడు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా నున్న అనుభవ మంటపమున వీరందరును ఒకే నేలపై కూర్చుండి శివతత్త్వమును చర్చించిరి. రాజకోశపు లెక్కలు వ్రాయు చేయియు, పేడినారను పేను చేయియు అచట సమానముగా ముకుళితములయ్యెను.

నులియ చందయ్య వృత్తాంతము ప్రసిద్ధమైనది. ఆయన చెరువుగట్టున గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడెను. చందయ్య దానికై కాయకమును ఆపలేదు. గడ్డి కోసి, మోపు కట్టి ఇంటిదారి పట్టెను. లింగమే వెంటబడి వచ్చి తన్ను స్వీకరింపుమని వేడినను ఆయన చలింపలేదు. కడకు మాచయ్య మొదలగు శరణులు నచ్చచెప్పిన పిమ్మటనే ఆయన లింగమును స్వీకరించెనని శూన్యసంపాదనము తెలుపుచున్నది. దీని భావము లింగమును నిర్లక్ష్యము చేయవచ్చునని కాదు. శుద్ధముగా చేయబడు శ్రమ లింగపూజకు దూరమైనది కాదనియు, గురులింగజంగమములు సైతము కాయకమర్యాదకు లోబడియుండుననియు దీని భావము. లింగమునే తన వెంట రప్పించిన పని గడ్డికోత! ఇది తెలిసినవాడు ఊడ్చుపనిని నీచమని ఎట్లు పలుకగలడు?

సత్యక్క

శరణులలో చీపురునే కాయకముగా గైకొనిన తల్లి ఒకరు కలరు. ఆమె పేరు సత్యక్క. నేటి కర్ణాటకమున శివమొగ్గ జిల్లాలోని శిరాళకొప్ప సమీపమున గల జంబూరు ఆమె ఊరు. శివభక్తుల ముంగిళ్లు ఊడ్చుట ఆమె కాయకము. ఆ కాలమున వచనములు చెప్పిన స్త్రీలు ముప్పదిమందికి పైగా నుండిరి. వారిలో సత్యక్కయు ఒకరు. శంభుజక్కేశ్వరుడను అంకితముతో ఆమె చెప్పిన వచనములు నేటికిని నిలిచియున్నవి.

ఒక్కమారు నిదానించి ఆలోచింపవలెను. తెల్లవారుజామున ఇతరుల వాకిలి ఊడ్చు స్త్రీని ఎనిమిదివందల యేండ్లనాటి లోకము ఎట్లు చూచియుండును? ఆమెకు ఒక అభిప్రాయముండునని గాని, ఆ యభిప్రాయమును చెప్పుటకు భాష యుండునని గాని ఎవరు తలచియుందురు? అట్టి స్త్రీ శివతత్త్వమును గూర్చి పలికెను. విద్వాంసులును, మంత్రులును, విరాగులును చెవియొగ్గి వినిరి. విన్నదానిని తాళపత్రములపైకెక్కించిరి. ఆమె చేతిలోని చీపురు ఆ వినుటకు అడ్డము రాలేదు.

ఆమె చెప్పినదేమి? ఒక వచనమున ఆమె తన వ్రతమును తెలుపుచున్నది. లంచమునకును వంచనకును చేయి చాపనని, దారిలో బంగారముగాని వస్త్రముగాని పడియున్నను ముట్టి ఎత్తనని ఆమె ప్రతిజ్ఞ. ఈ మాటకు గల బరువు ఊడ్చువారికే చక్కగా తెలియును. దారిలో పడియున్న వస్తువు అందరికంటె ముందు ఎవరి కంటబడును? ఊడ్చువారి కంటనే. జారిపడిన ముక్కుపుడకయు, మరచిపోయిన నాణెమును చీపురు మొననే తగులును. చూచువారు లేరు. అడుగువారు లేరు. అట్టిచోట చేయి ఆగుట సామాన్యమైన శక్తి కాదు. విద్వాంసుని నిరాశ సభలో పరీక్షింపబడును. ఊడ్చుదాని నిరాశ నిర్జనమైన వీథిలో పరీక్షింపబడును. రెండవదియే కఠినతరమైన పరీక్ష.

ఇంకొకచోట ఆమె స్త్రీపురుష భేదమును గూర్చి పలికెను. శరీరమునందలి బాహ్యచిహ్నములు స్త్రీత్వమునకు గాని పురుషత్వమునకు గాని ప్రమాణములు కావని ఆమె అభిప్రాయము. పైరూపమును బట్టి విలువ కట్టకుమని ఆమె చెప్పుట యుక్తమే. పైరూపమును బట్టి లోకము తన్నెట్లు విలువ కట్టుచున్నదో ఆమెకు ప్రతిదినము అనుభవమున నుండియుండును గదా!

సత్యక్కకు గల విశేషశక్తి ఇదియే. ఏది ఊడ్చివేయదగినదో, ఏది నిలుపుకొనదగినదో ఆమెకు తెలియును. వాకిలిలోని చెత్తను ఎట్లు గుర్తించెనో, మనస్సులోని చెత్తనట్లే గుర్తించెను. దారిలోని బంగారమును దుమ్ముతోపాటు ప్రక్కకు నెట్టి, శివనామమును మాత్రము లోపల దాచుకొనెను.

తాళపత్రములపై దుమ్ము

ఆమె మాట మనదాక ఎట్లు వచ్చెనను విషయమును చెప్పికొనవలెను. ఏలయన పుస్తకమును ప్రేమించుట యనగా నేమియో ఆ చరిత్ర తెలుపును.

కళ్యాణమున శరణుల వచనములను సేకరించి భద్రపరచుట శాంతరసుని కాయకమనియు, అందువలననే ఆయనను వచనభాండారి యని పిలిచిరనియు సంప్రదాయము. ధనమునకు భాండారి యున్నట్లే మాటకును భాండారి యుండెను! పిదప కళ్యాణమున కల్లోలము చెలరేగి, శరణులు చెల్లాచెదరైనపుడు, చెన్నబసవేశ్వరుడు మొదలగువారు ఉళవి వైపు సాగిపోయిరి. వెంటాడు సైన్యమును అడ్డగించి, వచనముల కట్టలను కాపాడినవారిలో మడివాళ మాచయ్య ముఖ్యుడని పరంపరగా చెప్పుచున్నారు. బట్టలు ఉతుకు చేతులే గ్రంథములను కాచెను. గ్రంథమును రక్షించుటకు పాండిత్యము చాలదు, ప్రాణము నిచ్చు ప్రేమ కావలెను.

మన తెలుగునాట పాల్కురికి సోమనాథుడు ఈ శరణుల కథలనే బసవపురాణమున జాను తెనుగు ద్విపదగా పాడెను. మాచయ్యయు, శివనాగుమయ్యయు ఆ కావ్యమున రాజులకంటె ఎత్తున నిలిచిరి. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడనేలపై నడచిన శరణులు తెలుగు కావ్యమున ప్రవేశించి, మరల కన్నడమునకు పోయిరి. పనివారి కథలు ఇట్లు రెండు భాషలకును తలమానికములయ్యెను.

అయినను కాలక్రమమున ఒక విచిత్రము జరిగెను. వచనముల తాళపత్రములు అనేక గృహములలో పట్టుబట్టలలో చుట్టబడి దేవుని గూటిలో చేరెను. వాటికి విభూతి పెట్టిరి, పూలు పెట్టిరి, ధూపము వేసిరి. విప్పి చదువువారు మాత్రము అరుదైరి. పుస్తకము పూజార్హమైనది, కాని పుస్తకమునకు చేయదగిన మొదటి పూజ చదువుటయే. చదువని పుస్తకముపై ధూళి పేరుకొనును. చదువని వాని మనస్సుపై అంతకంటె దట్టముగా పేరుకొనును.

ఆ ధూళిని ఊడ్చినవారు శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు. 1880లో జన్మించి, విజయపురమున న్యాయవాదిగా నుండిన ఈ మహనీయుడు ఊరూర తిరిగి, ఇంటింట అడిగి, తాళపత్రములను సేకరించి, పాఠములను పోల్చి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. 1925లో హితచింతక ముద్రణాలయమును, 1926లో శివానుభవ పత్రికను స్థాపించిరి. అందుకై సొంత ఇంటిని సైతము అమ్ముకొనిరని ప్రసిద్ధి. 1964లో శివైక్యమైన ఆయనవంటివారు లేనిచో సత్యక్క పేరు నేడు ఎందరికి తెలిసియుండెడిది? ఎనిమిది శతాబ్దములకు పూర్వము వాకిలి ఊడ్చిన స్త్రీ మాటకొఱకు ఒక న్యాయవాది తన జీవితమును ఊడ్చి పెట్టెను. అట్టి ఋణము మన సమాజముపై నున్నది.

ఘేన్స్ గ్రామపు వంటవాడు

ఇవి పూర్వకాలపు కథలు, నేడట్టివారు కలరా యని కొందరు అడుగుదురు. శివుని సృష్టి ఏ శతాబ్దముతోను ఆగిపోలేదు. మన తెలుగుదేశమునకు ఆనుకొనియున్న ఒడిశా రాష్ట్రమున పడమటి దిక్కున బర్గఢ్ జిల్లా కలదు. ఆ జిల్లాలోని ఘేన్స్ గ్రామమున 1950లో శ్రీ హలధర్ నాగ్ గారు జన్మించిరి. ఆయన లింగధారి కారు, మన సంప్రదాయమునకు చెందినవారును కారు. కాని కాయకసూర్యుడు ఒక్క ఇంటి పెరటిలోనే ఉదయింపడు గదా!

ఆయనకు పదియేండ్ల వయస్సున తండ్రి గతించెను. మూడవ తరగతితో చదువు ఆగిపోయెను. మిఠాయి అంగడిలో ఎంగిలి గిన్నెలు కడిగి పొట్టపోసికొనవలసిన దుర్దశ ప్రాప్తించెను. తరువాత ఊరి పెద్ద యొకరు ఆయనను ఉన్నత పాఠశాలకు తోడ్కొనిపోయి వంటపనిలో కుదిర్చిరి. ఆ పాఠశాలలో ఆయన 16 సంవత్సరములు వంట చేసిరి. ఏ చదువు తనకు లభింపలేదో ఆ చదువు సాగుచున్న గదుల ప్రక్కనే, ఆ చదువుకొను పిల్లలకే, ప్రతిదినము అన్నము వండి పెట్టిరి. ఇంతకంటె దాసోహమేది?

పిదప వేయిరూపాయల అప్పుతో పాఠశాల దగ్గరనే చిన్న దుకాణము పెట్టి పిల్లలకు కాగితములు, కలములు, తినుబండారములు అమ్మిరి. ఆ కాలముననే వ్రాయుట మొదలుపెట్టిరి. కోస్లీ యని, సంబల్పురీ యని పిలువబడు తన ప్రాంతపు జనుల పలుకులోనే వ్రాసిరి. ముసలి మఱ్ఱిచెట్టును గూర్చిన ఆయన మొదటి కవిత 1990లో ఒక స్థానిక పత్రికలో వెలువడెను. ఊరివారు పిలిచి పాడించుకొనిరి. ఊరినుండి ఊరికి ఆ పాట నడచెను. అంటరానితనపు బాధను గూర్చి, లక్ష్మణుడు అడవికేగినపుడు అంతఃపురమున ఒంటరిగా మిగిలిన ఊర్మిళను గూర్చి ఆయన కావ్యములు రచించిరి. ఇందలి ఔచిత్యమును గమనింపవలెను. మహాకథలలో ప్రక్కన నిలువబెట్టబడినవారిపైననే ఆయన చూపు నిలిచెను. వంటయింటి కిటికీనుండి తరగతిగదిని చూచిన కన్నులకు అంతఃపురపు మూలన నిలిచిన ఊర్మిళ కనబడుట సహజమే.

ఆయనయందలి అద్భుతశక్తి ఏదనగా, తాను రచించిన సమస్తమును ఆయనకు కంఠస్థము. కావ్యము పేరు గాని, విషయము గాని చెప్పినంత మాత్రమున కాగితము చూడకయే ధారగా వినిపింపగలరు. చదువు నిరాకరింపబడిన బాలుని హృదయమునే సరస్వతి గ్రంథాలయముగా చేసికొనెను. ఆయన రచనలపై పండితులు పరిశోధనలు చేసిరి. సంబల్‌పూర్ విశ్వవిద్యాలయము వాటిని గ్రంథావళిగా సంకలనము చేయించుటకు పూనుకొనెను. 2016లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. రాష్ట్రపతి భవనమునకు సైతము తన మామూలు తెల్లని ధోవతితో, చెప్పులులేని పాదములతోనే ఆయన ఏగిరి.

రెండు సందేహములు

ఇంతవరకు విన్నవారు సంతోషింతురు. కాని ఇక్కడనే ఒక ఉచ్చు పొంచియున్నది. పద్మశ్రీ వచ్చిన పిదప నమస్కరించుట సులభము. అది బిరుదునకు నమస్కారము, కవిత్వమునకు నమస్కారము. ఆ 16 సంవత్సరములు, పొయ్యి ఊదుచున్న మనిషికి ఎందరు నమస్కరించిరి? రేపు మన పాఠశాలలో ఊడ్చుచున్న వృద్ధుడు పుస్తకప్రియుడని, నూరు పద్యములు కంఠస్థముగా గలవాడని తెలిసినచో అతనికి కుర్చీ వేయుదుము. తెలియకున్నచో నిలువబెట్టియే మాటలాడుదుము. అట్లయినచో మనము గౌరవించినది మనిషిని కాదు, అతని విద్యను. విద్య లేనివాడు అప్పుడును మన వాకిట నిలిచియే యుండును.

అందరు పనివారును కవులు కారు గదా, మరి అందరిని ఏల గౌరవింపవలెనని మొదటి సందేహము. నిజమే, అందరును కవులు కారు. కళ్యాణమునకు చేరిన శరణులందరును వచనములు చెప్పలేదు. పేరు తెలియనివారు, ఒక్క మాటయు మిగులనివారు వేలమంది. వారికిని పంక్తిలో చోటుండెను. సత్యక్క వచనకర్త్రి యగుట వలన శరణి కాలేదు. శరణి యగుట వలన ఆమె నోట వచనము వచ్చెను. ముందు ఆసనము, తరువాత పలుకు. ముందు పలుకుము, బాగుండిన ఆసనమిత్తుమనుట లోకము మార్గము. శరణమార్గము దానికి విపరీతము. ఎవడు తన్ను మనిషిగా చూచునో వానియెదుటనే మూగవాని గొంతు విచ్చుకొనును. మన పాఠశాలలయందు ఎన్ని గొంతులు విచ్చుకొనకయే రిటైరయి వెళ్లిపోయెనో!

ఆయదక్కి లక్కమ్మ కథ దీనికి నిదర్శనము. భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరుకొని తెచ్చుట, వాటితో దంపతులు జంగమదాసోహము నడపుట వారి నియమము. ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చినపుడు, ఈ మిగులు మనకు తగదు, తిరిగి అక్కడనే పోసి రమ్మని భర్తను పంపిన ఇల్లాలు లక్కమ్మ. గ్రంథములు పరిష్కరింపలేని ధర్మసందేహమును గుప్పెడు బియ్యము చూచి ఆమె పరిష్కరించెను. జ్ఞానము గ్రంథమున నుండును, కాని గ్రంథముననే యుండదు.

రెండవ సందేహము మొదటిదానికంటె ప్రమాదకరమైనది. కాయకము ఇంత పవిత్రమైనచో ఊడ్చువాడు ఊడ్చుచునే యుండవచ్చును గదా, వానికి చదువెందుకు, జీతము పెంచుటెందుకు అని కొందరు మృదువుగా పలుకుదురు. ఇది కాయకతత్త్వము కాదు, కాయకము పేరుతో చేయు వంచన. బసవేశ్వరుడు కాయకమును పవిత్రము చేసినది మనిషిని దానికి కట్టివేయుటకు కాదు. పుట్టుకనుబట్టి వృత్తిని, వృత్తినిబట్టి విలువను నిర్ణయించు సంకెలను త్రెంచుటకు. హరళయ్య, మధువరసుల బిడ్డలకు వివాహబంధము కుదిర్చి, అందుకై కళ్యాణమే దద్దరిల్లినను శరణులు వెనుదీయకుండుటకు కారణమిదియే. హలధర్ నాగ్ గారు మూడవ తరగతితో బడి మానినది కాయకదీక్షచేత కాదు, ఆకలిచేత. దానిని మహిమగా వర్ణింపరాదు. అట్టి దుర్దశ మరియొక బాలునికి రాకుండ చూచుటయే ఆయన కావ్యమునకు సరియైన సన్మానము. ఇతరుని పేదరికమునకు కైలాసమని పేరుపెట్టి తాను సుఖముండుట శివద్రోహము.

మఠములును గృహములును చేయదగినది

అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహము మన మఠముల కీర్తికి మూలము. తుమకూరు సిద్ధగంగామఠమున శ్రీ శివకుమార మహాస్వాములవారు, 1907లో జన్మించి 2019లో లింగైక్యమగువరకు, కులమతభేదము లేక వేలాది బాలురకు ఈ మూడింటిని ఒసగిరి. అట్టి వసతిగృహములయందు తెల్లవారుజామున పొయ్యి రాజేయువాడును, పడకగదులు ఊడ్చువాడును అక్షరదాసోహమున భాగస్వాములే. వారు లేనిచో గురువుగారి పాఠము చెత్తకుప్ప నడుమ ఆకలికడుపులకు చెప్పవలసివచ్చును. కావున దాసోహమున వారికి పాలున్నట్లే, గౌరవమునందును పాలుండవలెను.

మొదటిది మాట. పాఠశాల సేవకుని, ఆయాను, వంటవానిని పేరుతో, తగిన వరుసతో, ‘గారు’ చేర్చి పిలువవలెను. పిల్లలకు ఇది పాఠములో చెప్పినచో రాదు, పెద్దల నోట వినినచో వచ్చును. రెండవది పంక్తి. ఉత్సవదినముల ప్రసాదము వడ్డించునపుడు వారికి వెనుకటి వాకిట ఆకు వేయుట మానవలెను. విభూతి ధరించిన నుదుటికి వెనుకవాకిలి లేదు. విభూతి ధరింపని నుదుటికిని లేదు. మూడవది జీతము. ఒడలు వంచి చేసిన పనికి తగిన ఫలమును గడువు తప్పక ఇయ్యవలెను. కాయకఫలమును ఆపి దేవునికి దీపము వెలిగించినచో ఆ దీపమున కాలునది నూనె కాదు.

నాలుగవది పుస్తకము. పాఠశాల గ్రంథాలయపు బీరువాను ప్రతిదినము తుడుచువాడు దానిని తెరచి చదువుకొనుటకు అర్హుడు. అట్టి వానికి తాళపుచెవి తుడుచుటకు మాత్రమే ఇచ్చుట అన్యాయము. సాయంకాలమున పిల్లలు వెడలిన పిదప అతడు ఒక్క గడియ దీపము క్రింద కూర్చుండి పుట తిప్పుచున్నచో ‘నీకేల ఇది?’ అని అడుగరాదు. ‘ఏమి చదువుచున్నారు?’ అని అడుగవలెను. ఆ రెండు ప్రశ్నల నడుమ గల దూరమే బసవేశ్వరుడు నడచిన దూరము. చదువురానిచో నేర్పవలెను. అతని బిడ్డ అదే పాఠశాలలో ముందువరుసలో కూర్చుండునట్లు చూడవలెను.

ఐదవది చీపురు. వారమునకొకమారు గురువులును శిష్యులును కలిసి తమ గది తామే ఊడ్చుకొనవలెను. వంగినగాని తెలియని విషయములు కొన్ని లోకమున కలవు. నడుము వంచి నేల ఊడ్చిన బాలుడు, పిదప కాగితపు ముక్కను నిర్లక్ష్యముగా విసరడు. ఊడ్చువానిని నిర్లక్ష్యముగా పిలువడు. ఇది శిక్షగా చేయింపరాదు. తప్పు చేసిన పిల్లవానిచేత ఊడ్పించినచో ఊడ్చుట తప్పుచేసినవారి పనియను భావము నాటుకొనును. పూజకు ముందు చేయు స్థలశుద్ధివలె దీనిని చేయింపవలెను.

వైశాఖశుద్ధ తదియనాడు బసవజయంతిని జరుపుకొనునపుడు పండితులకు శాలువలు కప్పుదురు. అది యుచితమే. ఆనాడు సభకు చాపలు పరచినవానిని, సభానంతరము ఆకులు ఎత్తినదానిని పిలిచి శరణు చెప్పినచో ఉత్సవము సంపూర్ణమగును. వారికి ఏ యద్భుతశక్తి యున్నదో విచారింపనక్కరలేదు. ఉండవచ్చును, లేకపోవచ్చును. ఒకనాడు ఆ నోటినుండి మరియొక సత్యక్క పలుకవచ్చును. పలుకకున్నను ఆ చేయి ఊడ్చిన నేలపై మన బిడ్డలు అక్షరములు దిద్దిరి. నమస్కారమునకు అంతకంటె వేరు కారణము అక్కరలేదు.

ఇష్టలింగమును అరచేత నుంచుకొని చూచునపుడు కన్నులు క్రిందికి వంగును. ఆ వంగిన చూపు, పూజ ముగిసిన పిదపను, నేల ఊడ్చుచున్నవారిపై ప్రేమతో నిలుచుగాక. మఠములయందును, గృహములయందును, పాఠశాలలయందును కాయకము చేయు సమస్తజనులకు శరణు శరణార్థి.